శాటర్న్ రికార్డులు: వొక నల్ల బ్యాండు తన సంగీతాన్ని తానే అచ్చేసుకున్న చరిత్ర

పాట యెవరిది అనే ప్రశ్నను దళిత సాహిత్యోద్యమం చాలాసార్లు అడిగింది. వాడలో పుట్టిన పాటను బయటివాళ్లు రాసుకుపోయి పుస్తకం వేస్తే, అట్ట మీద సేకర్త పేరుంటుంది, పాడిన మనిషి పేరుండదు. యిది మనకు తెలిసిన సంగతే. అయితే పాట కాగితం దాటి టేపు మీదికీ, ప్లేటు మీదికీ యెక్కాక యింకో ప్రశ్న వస్తుంది. ఆ టేపు యెవరి బీరువాలో వుంది? ప్లేట్లు యెన్ని వెయ్యాలో, యెప్పుడు వెయ్యాలో, యెప్పుడు ఆపెయ్యాలో చెప్పే హక్కు యెవరిది? గొంతుకు పేరొచ్చినా యీ హక్కు రాకపోతే పాట పరాయి సొత్తుగానే వుండిపోతుంది. మేం యీ వ్యాసంలో చెప్పదలుచుకున్నది యిదే. అందుకు అమెరికా నల్లవాళ్ల సంగీత చరిత్ర నుండి సన్ రా నడిపిన ఆర్కెస్ట్రాను వుదాహరణగా తీసుకుంటున్నాం. 1950ల నడుమ నుండి దాదాపు మూడు దశాబ్దాల పాటు ఆ బ్యాండు తన సంగీతాన్ని తానే రికార్డు చేసుకుంది, తానే ప్లేట్లు వేయించుకుంది, తానే మోసుకెళ్లి అమ్ముకుంది.

నల్లవాళ్ల చరిత్ర మనకు దూరపు వింత కాదు. 1946లో అంబేడ్కర్, నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు వుత్తరం రాశారు. నేషనల్ నీగ్రో కాంగ్రెస్ ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న వినతిపత్రం కాపీలు కావాలని అడిగారు. డుబాయిస్ అదే యేడాది జూలై 31న జవాబిచ్చాడు. 1972లో బొంబాయి దళిత యువకులు బ్లాక్ పాంథర్ల పేరు చూసే తమకు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. యీ వరసలోనే వాళ్ల రికార్డుల చరిత్రనూ చదవాలి. పైగా డుబాయిస్ పేరు మనకు యీ కథలో యింకోసారి యెదురవుతుంది.

వేరు గ్లాసు, వేరు ప్లేటు

1920లో ఓకే అనే కంపెనీ మామీ స్మిత్ అనే నల్లజాతి గాయని చేత 'క్రేజీ బ్లూస్' పాడించి ప్లేటు వేసింది. అది వేలకు వేలు అమ్ముడుపోయింది. నల్లవాళ్లు కూడా డబ్బు పెట్టి ప్లేట్లు కొంటారని కంపెనీలకు అప్పుడుగాని తెలిసిరాలేదు. తెలిశాక యేం చేశాయి? నల్లవాళ్ల పాటలను తెల్లవాళ్ల పాటల పక్కన పెట్టలేదు. వాటికి 'రేస్ రికార్డ్స్' అని వేరే జాబితా, వేరే నెంబర్లు పెట్టాయి. మన హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి యెట్లాంటిదో యిదీ అట్లాంటిదే. టీ వొకటే, గ్లాసు వేరు. డబ్బులు మాత్రం వొకే గల్లాపెట్టెలో పడతాయి.

ఆ గల్లాపెట్టె యెవరిదో చూడండి. 1923 నుండి కొలంబియా కంపెనీకి పాడిన బెస్సీ స్మిత్ ఆ కాలంలో అందరికన్నా పెద్ద బ్లూస్ గాయని. ఆమెకు పాటకింత అని వొకసారి యిచ్చేవాళ్లు. ప్లేట్లు యెన్ని అమ్ముడుపోయినా రాయల్టీ లేదు. పారమౌంట్ అనే యింకో పేరున్న కంపెనీ యజమానులు విస్కాన్సిన్ రాష్ట్రంలో కుర్చీలు, సామాను చేసే వ్యాపారులు. గ్రామఫోన్ పెట్టెలు చేస్తూ, ఆ పెట్టెలు అమ్ముడుపోవడానికి ప్లేట్లు కూడా వెయ్యడం మొదలెట్టారు. బ్లూస్ చరిత్రలో అమూల్యం అనుకునే రికార్డులు చాలా మటుకు యీ కుర్చీల వ్యాపారం పక్కన పుట్టినవే.

దీనికి యెదురు నిలిచే ప్రయత్నం అప్పుడే జరిగింది. 1921లో హ్యారీ పేస్ న్యూయార్క్‌లో బ్లాక్ స్వాన్ అనే రికార్డు కంపెనీ పెట్టాడు. సొత్తు నల్లవాళ్లది, పాడేది నల్లవాళ్లు. డైరెక్టర్ల బోర్డులో డుబాయిస్ వున్నాడు. రికార్డింగుల సంగీత బాధ్యత ఫ్లెచర్ హెండర్సన్ అనే కుర్ర పియానో వాద్యకారుడిది. ఎథెల్ వాటర్స్ పాటలతో కంపెనీ నిలబడ్డట్టే కనిపించింది. కానీ యింటింటికీ రేడియో వచ్చేస్తున్న రోజులవి. పెద్ద కంపెనీల పోటీ వుండనే వుంది. 1923 చివర్లో బ్లాక్ స్వాన్ దివాళా తీసింది. 1924లో దాని రికార్డులన్నీ పారమౌంట్ చేతికి పోయాయి. నల్లవాళ్లు కట్టుకున్న యిల్లు కుర్చీల వ్యాపారి ఖాతాలో పడింది.

యీ హెండర్సన్ దగ్గరే, 1946-47 ప్రాంతంలో, షికాగోలోని క్లబ్ డెలీసాలో సన్ రా పియానో వాయించాడు. బ్లాక్ స్వాన్ అనుభవం గురించి వాళ్లిద్దరి మధ్య యేం మాటలు జరిగాయో మేం వూహించి రాయం. కానీ రెండు ప్రయత్నాల మధ్య అట్లా వొక మనిషి వంతెన వుందని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

పేరు మార్చుకున్న మనిషి

సన్ రా 1914 మే 22న అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హాంలో పుట్టాడు. అప్పటి పేరు హెర్మన్ పూల్ బ్లౌంట్. 1963లో చర్చి మీద బాంబు పెట్టి నలుగురు నల్ల ఆడపిల్లలను చంపింది ఆ వూళ్లోనే. 1942లో యుద్ధానికి పోనని నిరాకరించి ఆయన జైలుకు వెళ్లాడు. యుద్ధం అయ్యాక షికాగో చేరాడు. దక్షిణ రాష్ట్రాల కౌలు భూముల నుండి, కూలిపనుల నుండి పారిపోయి వచ్చిన లక్షలాది నల్లవాళ్లతో ఆ నగరపు సౌత్ సైడ్ ప్రాంతం నిండి వుంది.

1952లో కోర్టు ద్వారా ఆయన పేరు మార్చుకున్నాడు. లె సోనీర్ రా అయ్యాడు. వేదిక మీద సన్ రా. అమెరికాలో నల్లవాడి యింటిపేరంటే చాలాసార్లు వాళ్ల తాతముత్తాతలను కొనుక్కున్న యజమాని పేరే. యీ సంగతి మనకు వివరించి చెప్పక్కర్లేదు. పెట్టిన పేరును విరిచి పిలిచే వూళ్ల నుండి వచ్చినవాళ్లం మనం. ఆర్కెస్ట్రా అనే మాటను కూడా ఆయన తనకు నచ్చినట్టు రాసుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో దానికి రెండు కొసలా తన పేరులోని 'రా' వినిపించేట్టు, మొదట్లో నోవా వోడను గుర్తుచేసే మాట వచ్చేట్టు మార్చాడు. తాను యీ భూమివాణ్ని కాదనీ శనిగ్రహం నుండి వచ్చాననీ చెప్పుకునేవాడు. మన దగ్గర శని అంటే పీడ, దరిద్రం. ఆయనకు శని అంటే బానిసత్వపు రికార్డు లేని చోటు. విమర్శకులు దాన్ని పిచ్చి కింద కొట్టేశారు. మనిషిగా లెక్కపెట్టని దేశంలో పుట్టినవాడు ఆ దేశపు పుట్టుకనే వొద్దనుకోవడంలో వున్న తర్కాన్ని వాళ్లు పట్టించుకోలేదు.

షికాగోలో ఆయనకు ఆల్టన్ అబ్రహాం తోడయ్యాడు. అబ్రహాం ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. సంగీతం ఆయన వృత్తి కాదు. చదువు మీద, గ్రంథాల మీద పిచ్చి. యిద్దరూ యింకొందరితో కలిసి చదువుకునే బృందం పెట్టారు. బైబిలు, ప్రాచీన ఈజిప్టు, నల్లవాళ్ల చరిత్ర చదివి, టైపు చేసిన కరపత్రాలను వాషింగ్టన్ పార్కులో పంచారు. యిది గమనించాల్సిన విషయం. ప్లేటు కన్నా ముందు కరపత్రం వుంది. తమ మాటను తామే అచ్చేసుకునే అలవాటు ముందు కాగితం మీద వచ్చింది, తర్వాత టేపు మీదికి వచ్చింది.

బ్యాండులోకి వచ్చిన కుర్రాళ్లు కూడా గాలికి వచ్చినవాళ్లు కాదు. జాన్ గిల్‌మోర్, పాట్ పాట్రిక్ షికాగోలోని డుసాబుల్ హైస్కూల్లో వాల్టర్ డయ్యెట్ దగ్గర శిక్షణ పొందారు. అది నల్ల పిల్లల బడి. డయ్యెట్ క్రమశిక్షణకు పేరుపడ్డ గురువు. షికాగోలో సంగీతకారుల యూనియన్లు కూడా రంగును బట్టి రెండు. తెల్లవాళ్లకు లోకల్ 10, నల్లవాళ్లకు లోకల్ 208. అవి 1966 దాకా కలవలేదు.

టేపు చేతికొచ్చింది

యిరవై యేళ్ల ముందు యిట్లాంటి బ్యాండు తనంత తాను రికార్డు చేసుకోవడం అయ్యే పని కాదు. అప్పుడు శబ్దాన్ని నేరుగా మైనపు పలక మీదికో లక్క పూత పలక మీదికో గాడిగా చెక్కాలి. ఆ యంత్రం కంపెనీ దగ్గరే వుండేది. తప్పొస్తే పలక పారేయాలి. యుద్ధకాలపు జర్మనీలో అభివృద్ధి చెందిన అయస్కాంత టేపు యుద్ధం తర్వాత అమెరికా చేరింది. 1948లో యాంపెక్స్ కంపెనీ టేపు రికార్డర్లు బజార్లోకి వచ్చాయి. టేపును చెరిపి మళ్లీ వాడొచ్చు, కత్తిరించి అతికించొచ్చు, యంత్రాన్ని మోసుకెళ్లొచ్చు. అదే 1948లో ముప్పావుగంట దాకా పట్టే ఎల్.పి. ప్లేటు కూడా వచ్చింది. యీ రెంటినీ కనిపెట్టినవాళ్లు నల్లవాళ్ల కోసం కనిపెట్టలేదు. అయినా కంపెనీ గుప్పిట్లోని వొక పని చెయ్యిజారి బయటికొచ్చింది. దాన్ని అందుకున్నవాళ్లలో సన్ రా వొకడు.

మొదటి సింగిల్ ప్లేట్లు 1950ల నడుమ వచ్చాయి. వాటిలో ఆర్కెస్ట్రా వాయించినవే కాక, వీధి కుర్రాళ్లు గొంతులు కలిపి పాడిన పాటలూ వున్నాయి. ఎల్ శాటర్న్ అనే పేరుతో సన్ రా, అబ్రహాం కంపెనీ నిలబెట్టారు. 1956లో రికార్డు చేసిన 'సూపర్‌సోనిక్ జాజ్' 1957లో వచ్చింది. అదే శాటర్న్ తొలి ఎల్.పి. అట్ట బొమ్మ క్లాడ్ డేంజర్‌ఫీల్డ్ వేశాడు. 1959లో 'జాజ్ ఇన్ సిల్హౌట్' వచ్చింది.

స్టూడియోకు గంటల లెక్కన డబ్బు కట్టాలి. అది యెప్పుడూ వుండేది కాదు. అందుకని బ్యాండు యెక్కడ సాధన చేస్తే అదే స్టూడియో. సన్ రా రోజూ గంటల తరబడి సాధన చేయించేవాడు, టేపు తిరుగుతూ వుండేది. 1961లో ఆర్కెస్ట్రా న్యూయార్క్ చేరాక కొరియోగ్రాఫర్స్ వర్క్‌షాప్ అనే నాట్య సాధన గదిలో చాలా రికార్డింగులు జరిగాయి. టేపు నడిపింది బయటి యింజినీరు కాదు, టామీ హంటర్ అనే డ్రమ్ములాయన. 1963 ప్రాంతంలో యంత్రాన్ని పరీక్షిస్తూ, బయటికొచ్చే శబ్దపు తీగను మళ్లీ లోపలికిచ్చే చోట తగిలిస్తే శబ్దం తన మీద తానే తిరిగి గుహలో మోగినట్టు వస్తుందని ఆయన కనిపెట్టాడు. 'కాస్మిక్ టోన్స్ ఫర్ మెంటల్ థెరపీ' ప్లేటులో వినిపించే ప్రతిధ్వని అదే. పెద్ద కంపెనీ యింజినీరు అయితే దాన్ని పొరపాటు అని చెరిపేసేవాడు. యిక్కడ యంత్రమూ తమదే, చెవీ తమదే. కాబట్టి పొరపాటు పద్ధతి అయింది.

ప్లేటు వెయ్యడం, అట్ట కట్టడం, అమ్మడం

టేపు నుండి ప్లేటు దాకా వచ్చే దారి తెలియకపోతే యీ బ్యాండు యేం చేసిందో సరిగ్గా అర్థం కాదు. టేపు మీది శబ్దాన్ని ముందు లక్క పూత పలక మీద గాడిగా కోస్తారు. దానికి లోహపు పూత పట్టించి, ఆ లోహపు పొరను వొలిచి అచ్చు తీస్తారు. ఆ అచ్చుల మధ్య వేడి వినైల్ ముద్ద పెట్టి వొత్తితే ప్లేటు వస్తుంది. యీ ఫ్యాక్టరీ పని సన్ రా దగ్గర లేదు. కూలి యిచ్చి చేయించుకునేవాళ్లు. అచ్చు తయారయ్యే ఖర్చు వందకైనా వెయ్యికైనా వొకటే. తక్కువ కాపీలు వేసేవాడికి వొక్కో ప్లేటు ఖరీదు యెక్కువ పడుతుంది. పెద్ద కంపెనీకి లాభం, చిన్నవాడికి నష్టం యీ లెక్కలోనే వుంది.

శాటర్న్ వాళ్లు కొన్ని ప్లేట్లను 75 కాపీలే వేయించిన సందర్భాలున్నాయి. యింకొన్ని కొన్ని వందలు. కచేరీ ముందు చేతిలో యెంత వుంటే అంత వేయించడం, అది అమ్ముడుపోయాక వచ్చిన డబ్బుతో మళ్లీ వేయించడం. అట్టలు అచ్చేయించే డబ్బు లేనప్పుడు తెల్ల అట్టలు కొని బ్యాండు వాళ్లే కూర్చుని రంగులతో బొమ్మలు గీశారు, ఫొటోలు అతికించారు, పేర్లు చేత్తో రాశారు. వొకే ప్లేటుకు రెండు అట్టలు వొకేలా వుండవు. కచేరీ అయ్యాక వేదిక దగ్గరే అమ్మేవాళ్లు. పోస్టులో పంపేవాళ్లు. షాపులకు స్వయంగా మోసుకెళ్లి వేసేవాళ్లు. 1968 తర్వాత ఫిలడెల్ఫియాలో మార్షల్ అలెన్ తండ్రికి చెందిన యింట్లో బ్యాండంతా కలిసి వుంటూ యీ పని సాగించింది. డానీ రే థాంప్సన్ అనే సాక్సొఫోన్ కళాకారుడు ప్లేట్ల పంపిణీ కూడా చూసేవాడు. వాయించే చేతులే అట్టలు కట్టాయి, లెక్కలు రాశాయి.

యిందులో కష్టాన్ని దాచి గొప్ప చెప్పడం మా వుద్దేశం కాదు. డబ్బుల్లేక 1963 నాటి 'కాస్మిక్ టోన్స్' 1967లో గాని ప్లేటు కాలేదు. వొక ముఖాన వొక యేటిది, యింకో ముఖాన యింకో యేటిది పెట్టిన ప్లేట్లున్నాయి. తేదీలు లేవు, వాయించినవాళ్ల పేర్లు సరిగా లేవు. వీటిని వరస పెట్టడానికి పరిశోధకులకు యేళ్లు పట్టింది.

కంపెనీ చేతికి పోయినప్పుడు

సొంత ముద్ర వుండీ సన్ రా బయటి కంపెనీలకు పోలేదా? పోయాడు. ఆ అనుభవాలు పక్కన పెట్టి చూస్తేనే శాటర్న్ విలువ తెలుస్తుంది. 1956లో ట్రాన్సిషన్ అనే చిన్న కంపెనీకి రెండు ఎల్.పి.లకు సరిపడా వాయించారు. మొదటిది 1957లో వచ్చింది. రెండోది వచ్చేలోపే కంపెనీ మూతబడింది. ఆ టేపు వేరే కంపెనీ చేతికి పోయి 1968లో వెలుగు చూసింది. పన్నెండేళ్లు! శాటర్న్ ప్లేటు కూడా ఆలస్యమయ్యేది నిజమే. కానీ ఆ టేపు తమ యింట్లో వుంది, డబ్బు కుదిరిన రోజు బయటికొస్తుంది. ట్రాన్సిషన్ టేపు విషయంలో వాయించినవాళ్ల చేతిలో యేమీ లేదు. 1961లో సవోయ్ కంపెనీకి చేసిన రికార్డు కూడా పెద్దగా యెవరి కంటా పడకుండా పోయింది.

1970ల మొదట్లో ఏబీసీ సంస్థకు చెందిన ఇంపల్స్ లేబుల్ శాటర్న్ పాత ప్లేట్లను దేశమంతా మళ్లీ విడుదల చేస్తానని వొప్పందం చేసుకుంది. కొన్ని వచ్చాయి. మంచి అట్టలు, పెద్ద షాపులు. తర్వాత లాభం లేదని కంపెనీ ఆపేసింది. మిగిలిన సరుకు, అట్ట మూల కత్తిరించిన చవక ప్లేట్లుగా బుట్టల్లోకి చేరింది. కత్తిరించిన మూల అంటే దీని మీద యిక కళాకారుడికి రాయల్టీ లేదని గుర్తు. యెంతమందికి చేరాలో యెప్పుడు ఆపాలో నిర్ణయించేది యెవరనే మా ప్రశ్నకు యీ కత్తిరించిన మూల జవాబు. ఆ తర్వాత కూడా శాటర్న్ చేతిబొమ్మల అట్టలు ఆగలేదు. 1980ల దాకా వస్తూనే వున్నాయి.

లోపలి అసమానతలు

బయటి పెత్తనాన్ని విమర్శించి లోపలిది వదిలేస్తే అది చరిత్ర కాదు, భజన. శాటర్న్ సన్ రా, అబ్రహాంల చేతుల్లోని వ్యాపారం. బ్యాండులోని వాద్యకారులంతా వాటాదార్లు కారు. జీతం క్రమంగా వచ్చేది కాదు. సాధన యెప్పుడు, యెంతసేపు, యెవరు యేం వాయించాలి అన్నీ నాయకుడి మాటే. గిల్‌మోర్ లాంటి సాక్సొఫోన్ కళాకారుడు జీవితమంతా అక్కడే గడిపాడు. ఆయనకు దక్కాల్సినంత పేరు దక్కలేదు. మగవాళ్ల బ్యాండులో చాలాకాలం నిలబడి గొంతునిచ్చిన జూన్ టైసన్ శ్రమ గురించి రాసిందీ తక్కువే. 1970ల్లో షికాగోలో అబ్రహాం వొకవైపు, ఫిలడెల్ఫియాలో బ్యాండు వొకవైపు శాటర్న్ పేరుతోనే ప్లేట్లు వేశారు.

యిదే కాలంలో వేరే పద్ధతులూ వచ్చాయి. 1965లో షికాగోలో ఏఏసీఎం అనే నల్ల సంగీతకారుల సంఘం యేర్పడింది. 1971లో చార్లెస్ టాలివర్, స్టాన్లీ కవెల్ న్యూయార్క్‌లో స్ట్రాటా-ఈస్ట్ లేబుల్ పెట్టి, రికార్డు హక్కు వాయించినవాళ్ల దగ్గరే వుండేట్టు చూశారు. సొంత ముద్ర అంటే వొక్క నాయకుడి ముద్రే కానక్కర్లేదని యివి చెప్తున్నాయి.

చెత్తబండి దాకా వచ్చిన చరిత్ర

సన్ రా 1993 మే 30న బర్మింగ్‌హాంలోనే చనిపోయాడు. అప్పటికే ఎవిడెన్స్ అనే కంపెనీ శాటర్న్ ప్లేట్లను సీడీలుగా తేవడం మొదలెట్టింది. ఆల్టన్ అబ్రహాం 1999లో చనిపోయాడు. మరుసటి యేడాది ఆయన యింటి సామాను చెత్తకిందికి పోతున్నదని తెలిసి రచయిత జాన్ కార్బెట్ కొందరితో కలిసి దాన్ని కాపాడాడు. టేపులు, కరపత్రాలు, వుత్తరాలు, అట్టల బొమ్మలు, బిల్లులు అందులో వున్నాయి. టేపులు షికాగోలోని ఎక్స్‌పరిమెంటల్ సౌండ్ స్టూడియోకు చేరాయి. కాగితాలు షికాగో విశ్వవిద్యాలయం లైబ్రరీకి చేరాయి. సౌత్ సైడ్‌లోనే వున్న ఆ విశ్వవిద్యాలయం, 1930ల్లో చుట్టుపక్కల యిళ్లు నల్లవాళ్లకు అమ్మకుండా, అద్దెకివ్వకుండా రాసుకున్న వొప్పందాలకు అండగా నిలిచిన సంస్థ. నల్లవాళ్ల కాగితాలు భద్రంగా వున్నందుకు సంతోషించాలి. అవి యెక్కడ భద్రంగా వున్నాయో కూడా చెప్పుకోవాలి.

బ్యాండు మాత్రం బతికింది. 1995 నుండి దాన్ని నడిపించిన మార్షల్ అలెన్‌కు 2024 మే 25న నూరేళ్లు నిండాయి. 2025లో ఆయన పేరుతో మొదటి సొంత ఆల్బం వచ్చింది. 1958లో బ్యాండులో చేరిన మనిషికి!

శాటర్న్ పద్ధతిని యథాతథంగా అనుకరించమని మేం చెప్పడం లేదు. కాలం వేరు, యంత్రాలు వేరు. యిప్పుడు రికార్డు చెయ్యడం సెల్‌ఫోన్ వున్న ప్రతివాడి పని. అయినా పాట యెవరి ఖాతాలో వుందో, యెవరు తీసేస్తే పోతుందో చూస్తే పాత ప్రశ్న అట్లాగే వుంది. దళిత గాయకుల పాటలున్న కాసెట్లు యిళ్లల్లో అటకల మీద బూజు పడుతున్నాయి. అయస్కాంత పూత రాలిపోయే లోపు వాటిని యెక్కించుకోవాలి. పాడినవాళ్లెవరు, డప్పు కొట్టిందెవరు, వంత పాడిందెవరు, యే వూళ్లో, యే సంవత్సరం, యెవరి డబ్బుతో కాసెట్టు వేశారు అన్నవి రాసి పెట్టుకోవాలి. పాడినవాళ్లు బతికుండగానే అడగాలి. వొక కాపీ వాళ్ల చేతిలో వుంచాలి. పరిశోధకుల చేతిలో వుండేది రెండో కాపీ కావాలి.